సగం ఇరుసుతో కదిలిన కారు

చిన్న కథే. ఆకూ వక్కా నోట్లో వేసుకున్నారనుకోండి, అది నమిలి ఊసేలోపల అయిపోతుంది.

ఎర్రగుంట్ల నుంచి మా ఊరికి వచ్చే దోవలో, ఊరు ఇంకా మైలు దూరం ఉందనగా దొర కొట్టం ఉంది. పొద్దుగూకినాక దాని ముందర ఎవరూ నడవరు. నడవాల్సి వస్తే చేలకు అడ్డం పడి చుట్టు తిరిగి వస్తారు. మా ఊరి కాపలావాడు శాంతయ్య ఒకసారి చీకట్లో దాని ముందరే మీసం తిప్పుకుంటూ నడిచి వచ్చినానని రచ్చబండ మీద చెప్పినాడు. మరుసటి రోజు ఆయన కాళ్లలోంచి పల్లేరు ముళ్లు తీయడానికి వాళ్ల భార్యకు మధ్యాహ్నం దాకా పట్టింది. రోడ్డు మీద పల్లేరు ముళ్లు ఎట్లా మొలిచినాయని మేమెవరం అడగలేదు. మర్యాద ఉండాలి కదా.

ఆ కొట్టానికి చెడ్డపేరు ఎందుకొచ్చిందంటే, నాపరాళ్ల గని నడిపిన తెల్లదొర ఒకాయన తన కారు కోసం కట్టించుకున్నాడు దాన్ని. గని మూతపడింది. దొర పోయినాడు. కారు మిగిలింది. దొర ఆ కారులోనే కూర్చొని ప్రాణం వదిలినాడని మా ఊళ్లో చెప్పుకుంటారు. మద్రాసులో కడుపునొప్పితో పోయినాడని గని గుమాస్తా చెప్పినాడు గానీ, మద్రాసులో చచ్చినోడు మా ఊరికి ఏం పనికొస్తాడు? ఈడనే చచ్చినాడని అందరం ఒప్పుకున్నాం.

రాత్రిపూట కారు ఉరిమే చప్పుడు మొదట విన్నది సుబ్బరత్నమ్మ. ఆమెకు ఎడమ చెవి వినపడదు. కుడి చెవి తలగడకు ఆనించి పడుకుంటుంది. అయినా వినపడిందంటే అది దెయ్యమే మరి. ఆమె కోడలి సంగతి అయితే... వద్దు. చిన్న కథ అన్నాను కదా.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన మరుసటేడు జరిగింది ఇది.

లాజరు, చిన్న ఈరన్న అని ఇద్దరు. ఇద్దరికీ చెరొక ఎద్దు. మా పక్క ఒంటెద్దు రైతులు పొత్తు కలుపుకుంటారు. రెండెద్దులను ఒక కాడికి కట్టి ఈ పొద్దు నీ చేను, రేపు నా చేను. సాయంత్రం కాడి దించినాక ఎవరి ఎద్దును వాళ్లు ఇంటికి తోలుకుపోతారు. ఎంత స్నేహమైనా తన ఎద్దును పక్కోడి కొట్టంలో కట్టేయరు. అట్లా తొమ్మిదేండ్లు దున్నినారు ఇద్దరూ. ఒకే బీడీని చెరిసగం తాగినారు. వాళ్ల స్నేహం చూసి ఊళ్లో అన్నదమ్ములు సిగ్గుపడాలి. మా ఊళ్లో అన్నదమ్ములు సిగ్గుపడరు, అది వేరే సంగతి.

లాజరు యుద్ధంలో మిలిటరీ లారీలకు రిపేరు పని చేసి వచ్చినోడు. వానకు దున్నడం, వాన లేకపోతే ఆకాశం వైపు చూడడం ఆయనకు విసుగొచ్చింది. “ఒరే ఈరన్నా, ఈ కారును బాగు చేసుకుందాం రా. ఎర్రగుంట్ల స్టేషను కాడ బాడుగకు తిప్పుదాం. శ్రీరామనవమికి ఒంటిమిట్ట తిరునాళ్లకు జనాన్ని తోలుకపోదాం,” అన్నాడు. గుమాస్తా కూడా, ఆ పీడను ఎవరు తీసుకుపోయినా సరేనన్నాడు.

కారుకు అన్నీ ఉన్నాయి, వెనక ఇరుసు తప్ప. దాన్ని ఎవరో పాత ఇనుము కింద విప్పుకొని పోయినారు. ఎవరో మాకు తెలియదు. ఆ ఏడే శాంతయ్య ఇంటికి కొత్త తలుపులు వచ్చినాయని మాత్రం తెలుసు.

ఆ కారు ఇరుసు బండి ఇరుసు మాదిరి ఒకే దూలం కాదు. రెండు డొప్పలు. ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. నడుమ పెద్ద పళ్ల చక్రం పెట్టి, రెండు డొప్పల మూతులు కలిపి బోల్టులు బిగిస్తే ఇరుసవుతుంది.

ఈరన్న తన ఎద్దునమ్మి కర్నూలు పక్కకు పోయి ఎడమ డొప్ప తెచ్చినాడు. లాజరు తన ఎద్దునమ్మి బళ్లారికి పోయి కుడి డొప్ప తెచ్చినాడు. ఇద్దరూ కలిసి పోయి ఒకే కారువి రెండూ తెచ్చుకోవచ్చు కదా అంటారు మీరు. అట్లా తెస్తే ఏది ఎవరి ఎద్దో ఎట్లా తెలుస్తుంది?

పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాని మూతి వెడల్పు, ఒకదానిది సన్నం. ఒకదానికి ఎనిమిది బోల్టు రంధ్రాలు, ఇంకోదానికి పది. లాజరు నాలుగు నెలలు ఆకురాయితో రాకినాడు. రేకు ముక్కలు కోసి సందుల్లో పెట్టినాడు. కొత్త రంధ్రాలు తొలిచినాడు. అరచేతుల తోలు లేచిపోయింది. చివరికి రెండూ కలిసినాయి.

అయితే పొద్దు వాలితే ఈరన్న తన డొప్ప విప్పించుకునేవాడు. దాన్ని భుజానికెత్తుకొని మైలు దూరం నడిచి, ఇంట్లో ఎద్దును కట్టే గుంజకు పలుపుతో కట్టేసేవాడు. తెల్లారితే మళ్లీ మోసుకొచ్చేవాడు.

ఆయన భార్య పెద్దక్క వాకిట్లో నిలబడి అడిగేది— “ఏమయ్యో, దానికి ఇంత గడ్డి ఎయ్యకూడదా? పొద్దున్నుంచి మేత లేక ఉండాది.”

“నోరు మూసుకో. లాజరు మింద అనుమానమై కాదు. పొత్తంటే పొత్తే.”

“నేనేమంటి? కుడితి పెట్టాల్నా అని అడుగుతాండా.”

లాజరు మాత్రం రాత్రిపూట కొట్టంలోనే పడుకునేవాడు. ఈరన్నకు అది ఆశ్చర్యం.

“నీకు భయం లేదా రా?” అన్నాడు ఒకరోజు.

“మా ఇంట్లో పొద్దూ మాపూ ప్రార్థన చేస్తాం. దొర నా కాడికి రాడులే. నువ్వు మాత్రం చీకట్లో ఈ పక్కకు రావాకు.” లాజరు గొంతు తగ్గించినాడు. “నీ సంగతి అడుగుతాండాడు.”

“నా సంగతా? నేనెవరో ఆయనకెట్ల తెలుసు?”

“ఎడమ డొప్ప ఎవురిదని అడిగినాడు. నేనే చెప్తి.”

ఆ పొద్దు నుంచి ఈరన్న కోళ్లు గూట్లోకి పోకముందే ఇల్లు చేరేవాడు.

మాఘమాసం. చలి ఇంకా పోలేదు. నవమికి రెండు నెలలుంది. కారుకు హారను లేదని ఈరన్న ఎర్రగుంట్లకు పోయినాడు. షాపువాడు సాయంత్రం రమ్మన్నాడు. రబ్బరు బుడ్డి ఉన్న ఇత్తడి హారను, నొక్కితే మేక అరిచినట్టు అరుస్తుంది. దాన్ని తువ్వాల్లో చుట్టుకొని నడిచి వస్తుంటే దోవలోనే చీకటి పడింది.

దొర కొట్టం దగ్గరికి వచ్చేసరికి ఊళ్లో దీపాలు కూడా ఆరిపోయినాయి.

చేలకు అడ్డం పడి పోవాల్సిందే. కానీ చేతిలో హారను ఉంది. కొత్త వస్తువు చేతిలో ఉన్నవాడికి దాన్ని ఎవరికైనా చూపించాలని ఉంటుంది. లాజరు మేలుకొని ఉంటే చూపించి పోదామనుకున్నాడు. అంతే.

నాలుగడుగులు వేసినాడు...

గాలి లేదు. కీచురాళ్లు కూడా ఆగిపోయినాయి. రోడ్డు పక్కన పేర్చిన నాపరాళ్ల దగ్గర ఏదో తెల్లగా కదిలింది.

ఆడమనిషి. తెల్లచీర. తల మీద ముసుగు. చంకలో మూట.

“ఎ... ఎవురు?”

ఆమె మూటను గుండెకు హత్తుకుంది. ముసుగును కిందికి లాగింది.

ఈరన్న కాళ్లు చూద్దామనుకున్నాడు. కాళ్లు చీకట్లో కనపడలేదు. చేతులు బిగుసుకుపోయినాయి. బిగుసుకునేసరికి తువ్వాల్లో ఉన్న హారను దానంతటదే అరిచింది— పోం...

ఆ ఆకారం ఒక్కసారి ఎగిరిపడి రాళ్ల వెనక్కి మాయమైంది.

అప్పుడే కొట్టం తలుపులు తెరుచుకున్నాయి. ఎవరు తెరిచినారో కనపడలేదు. లోపల ఏదో గురగుర... దగ్గు... మళ్లీ గురగుర. తర్వాత రెండు కళ్లు వెలిగినాయి.

కారు దీపాలు.

ఈరన్న దోవ మధ్యలో నిలబడిపోయినాడు. దీపాలు సూటిగా ఆయన ముఖం మీదనే పడుతున్నాయి. ఆయన మనసులో ఒక్కటే లెక్క తిరుగుతోంది— నా డొప్ప ఇంట్లో ఉంది. నిన్న మాపు నా చేత్తో నేనే గుంజకు కట్టినా, ఈ పొద్దు విప్పనే లేదు. ఎడమ పక్క చక్రమే లేదు, కారు రాళ్ల మీద కూర్చొని ఉంది. సగం ఇరుసున్న కారు కదలదు. ప్రాణమున్నోడు ఎవడూ దాన్ని కదిలించలేడు...

కారు కదిలింది.

ముందుకు కాదు. ఆ రెండు కళ్లూ ఈరన్న వైపే చూస్తున్నాయి. చూస్తూ... చూస్తూనే... వెనక్కి పోతున్నాయి. ముఖం మన వైపు పెట్టి వెనక్కి నడిచేది ఏదో మీకు నేను చెప్పక్కరలేదు.

కళ్లు చిన్నవైనాయి. కొట్టం వెనక గోడ దబదబా కూలింది. ఆ గోడ వెనకాల వంద అడుగుల్లో గని గుంత. దాని అడుగున నీళ్లు. దీపాలు రెండూ ఒక్కసారి ఆకాశం వైపు లేచినాయి. మబ్బుల మీద వెలుతురు పడింది.

గుంతలోంచి ఒక కేక. “యేసయ్యా...!”

లాజరు గొంతు.

మా ఊళ్లో ఇంకెవరైనా అయితే అక్కడి నుంచి ఇంటికి పరుగెత్తేవాళ్లు. శాంతయ్య అయితే పక్క ఊరికి పరుగెత్తేవాడు. ఈరన్న కొట్టంలోకి పరుగెత్తినాడు. కూలిన గోడ రాళ్ల మీద పడి, లేచి, మోకాళ్లు చీరుకుపోతుంటే అరుస్తూ పోయినాడు—

“దొరా! వాన్ని ఇడిసిపెట్టు! ఎడమ డొప్ప వాడిది కాదు, నాది! నన్ను తీస్కపో!”

కారు వెనక సగం నీళ్లలో మునిగి, మూతి పైకెత్తుకొని ఒక బండకు ఆనుకొని ఉంది. లాజరు కాలు లోపల ఇరుక్కుంది. నీళ్లు గొంతు దాకా వచ్చినాయి. ఈరన్నకు ఈత రాదు. అయినా దూకినాడు. బండను పట్టుకొని, చంకల కింద చెయ్యి వేసి లాగినాడు. ఊడివచ్చినాడు లాజరు. ఇద్దరూ గట్టు మీద బోర్లా పడినారు.

నీళ్ల మీద ఏవో తేలుతున్నాయి. చాప. సత్తు గిన్నెలు. ఒక రేకు పెట్టె, మూత తెరుచుకొని. బుట్టలో కోడి ఒకటి అరుస్తోంది.

ఈరన్న గుసగుసలాడినాడు— “చూస్తివా లాజరూ... నీ ఇల్లంతా ఎత్తుకపోతాండాడు రా దొర. మీ ఇంట్లో కోడిని గూడా ఇడిసిపెట్టలేదు.”

లాజరు ముఖం మీది నీళ్లు తుడుచుకున్నాడు.

గట్టు పైన తెల్లచీర కనపడింది. చంకలో మూట. నిదానంగా కిందికి దిగుతోంది. ఈరన్న లాజరు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “అదో... మళ్లా వచ్చె...”

“నేనే అన్నా,” అంది ఆ ఆకారం. “కృపమణిని.”

కృపమణి లాజరు భార్య.

“రాత్రిపూట మూట ఎత్తుకొని ఈడికెందుకు వచ్చినావమ్మా?” అన్నాడు ఈరన్న.

ఆమె మొగుని వైపు చూసింది. మొగుడు నీళ్ల వైపు చూసినాడు.

ఈరన్న లేచినాడు. నీళ్లలోకి దిగి, మెడ దాకా మునిగి, కారు కిందికి చెయ్యి పెట్టి తడిమినాడు. కుడి డొప్ప తగిలింది. చెయ్యి పక్కకు జరిపినాడు. ఎడమ డొప్ప కూడా తగిలింది. చల్లగా ఉంది. నాలుగు నెలలు భుజాన మోసినోడికి తన ఇనుమేదో చెయ్యి పెడితేనే తెలుస్తుంది. అది తనది కాదు.

“నాది ఇంట్లో ఉండాది గదా లాజరూ,” అన్నాడు నీళ్లలోనే నిలబడి. “ఇది ఎవురిది?”

లాజరు నీళ్ల మీద తేలే గిన్నెల వైపే చూస్తూ చెప్పినాడు. “కర్నూల్లో గుడారాల్లో ఆఫీసులు పెట్టినారంట. బాడుగ కార్లు చాలడం లేదంట... నాలుగు నెలలు రాకినోన్ని నేను గదరా. నువ్వు చేసింది ఏముండాది? మోసకపోయేది, మోసకొచ్చేది.”

దీపాలు నిదానంగా ఎర్రబడి ఆరిపోయినాయి. చీకట్లో ఈరన్న గొంతు ఒక్కటే వినపడింది—

“నన్ను అడిగింటే ఇచ్చిందును. నేనే మోసకొచ్చి ఇచ్చిందును గదరా.”

ఇదంతా నాకు కృపమణి చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. నేను ఇంతవరకు ఊళ్లో పన్నెండుమందికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

కారు వెనక్కి ఎందుకు పోయిందో కూడా ఆమే చెప్పింది. లాజరు దొంగతనంగా ఇంకో డొప్ప కోసం తిరిగితే ఎడమది దొరకలేదు, కుడిదే దొరికింది. దాన్నే తిరగేసి ఎడమ పక్క పెట్టినాడు. అట్లా పెడితే నడుమ ఉన్న పెద్ద పళ్ల చక్రానికి చోటు చాలలేదు. దాన్ని కూడా తిప్పి అవతలి పక్కన బిగించినాడు. పళ్ల చక్రం పక్క మారితే చక్రాలు తిరిగే తీరూ మారుతుంది. ముందుకు గేరు వేస్తే కారు వెనక్కి పోతుంది. మిలిటరీ లారీల ఇరుసు ఒకే ముక్కగా ఉంటుందంట, లాజరుకు ఈ సంగతి తెలియదు. ముందుగా నడిపి చూద్దామంటే చప్పుడు ఊరికి వినపడుతుంది. మొదటిసారి గేరు వేసింది పారిపోయేటప్పుడే. కంగారులో బ్రేకు తొక్కబోయి మళ్లీ పెట్రోలే తొక్కినాడు.

తెల్లారి ఊరంతా గని గుంత చుట్టూ చేరింది. ఏం జరిగిందని అడిగినారు. లాజరు తల దించుకున్నాడు. కృపమణి ముసుగు దించుకుంది.

ఈరన్నే చెప్పినాడు. “దొర పని. నేను నా కండ్లారా చూసినా. లాజరు కొట్టంలో పండుకోనుంటే కారుతో సహా ఈడ్సుకపోయె.”

ఊరికి శానా సంతోషమైంది. సుబ్బరత్నమ్మ తనకు రాత్రే వినపడిందని చెప్పింది. శాంతయ్య దొరను ముఖాముఖి చూసినానన్నాడు, టోపీ గుర్తులతో సహా. ఈరన్న అన్నిటికీ తల ఊపినాడు. తొమ్మిదేండ్ల స్నేహితుడు మోసం చేసినాడని నలుగురిలో చెప్పుకోవడం కంటే దెయ్యం చేసిందని చెప్పుకోవడం ఆయనకు సులువైనట్టుంది.

మారింది ఒక్కటే. అప్పటిదాకా “ఒరే లాజరూ” అని పిలిచేవాడు. ఆ పొద్దు నుంచి “లాజరప్పా, మీరు” అనడం మొదలుపెట్టినాడు. ప్రాణం కాపాడి, పరువు కాపాడి, పైగా మర్యాద కూడా ఇస్తున్నాడని లాజరు కరిగిపోయినాడు. కృపమణి మాత్రం ఆ మాట వినపడినప్పుడల్లా చేతిలో పని వదిలేసి మొగుని ముఖం చూసేదాన్నని నాతో అంది.

నాలుగు కాండ్ల ఎద్దులను, మొత్తం ఎనిమిదింటిని, కట్టి కారును బయటికి లాగినారు. లాజరు తిరగేసిన డొప్పను విప్పి అవతల పారేసినాడు. ఈరన్న తన డొప్ప తెచ్చి ఇచ్చినాడు. బోల్టులు బిగించినారు. ఆ సాయంత్రం దాన్ని విప్పమని ఈరన్న అడగలేదు. మరుసటి రోజూ అడగలేదు. “మీరుండగా నాకేం భయం లాజరప్పా,” అన్నాడు. లాజరుకు కండ్లలో నీళ్లు తిరిగినాయి. చేసిన తప్పు కొంతైనా తీరుతుందని ఈరన్నకు కారు నడపడం నేర్పించినాడు. గేరు మార్చడం, గుంతల్లో నిదానించడం, ఎక్కేటప్పుడు ఊపు తీసుకోవడం, ఇంజను వేడెక్కితే ఏం చేయాలో, అన్నీ. అంత ఓపికగా ఏ గురువూ నేర్పడు.

నవమి ముందు రోజు పొద్దున ఎనిమిది గంటలకు కారు ఊరి నడుమ నిలబడింది. మామిడాకులు కట్టి, కుంకుమ బొట్లు పెట్టినారు. ఒంటిమిట్టకు మొదటి బాడుగ సుబ్బరత్నమ్మది, ఆమె వెనక శాంతయ్య దంపతులది. ముగ్గురూ మూటలు పట్టుకొని నిలబడినారు. స్టీరింగు ముందర ఈరన్న కూర్చున్నాడు. వెనక సీట్లో పెద్దక్క ముందే ఎక్కి కూర్చుంది, చుట్టూ గిన్నెలూ బిందెలూ పెట్టుకొని. ఒంటిమిట్టలో వండుకోవడానికేమో అనుకున్నాం.

“లాజరప్పా, ఇంజనుకు ఇంకో బిందె నీళ్లు తెస్తారా?” అన్నాడు ఈరన్న.

లాజరు బిందె తీసుకొని బావి దగ్గరికి పోయినాడు.

కారు కదిలింది. ముందుకే పోయింది. మలుపు దగ్గర ఒంటిమిట్ట వైపు తిరగలేదు, కర్నూలుకు పోయే గుత్తి దోవ వైపు తిరిగింది.

ఇది జరిగి మూడేండ్లయింది. ఈరన్న, పెద్దక్క తిరిగి రాలేదు.